తుక్కుకి 15 వేలు.. రోడ్డెక్కించడానికి 85 వేలు!

మీ ఊళ్లో ఓసారి అలా తిరిగి చూడండి. ఏ పశువుల శాల పక్కనో, ఏ చింతచెట్టు కిందో ఒక మారుతీ 800 కనబడి తీరుతుంది. టైర్లలో గాలుండదు. బానెట్ మీద కోళ్లు, వెనక సీట్లో పిల్లి కాపురం. ఓనరుని అడిగితే 'బాగు చేయించాలండీ' అంటాడు. ఐదేళ్ల నుంచీ అదే మాట అంటుంటాడు. అమ్మడు, బాగు చేయించడు.

పాచిపెంటలో మా ఇంటి వెనకున్నదీ అలాంటిదే. 1995 మోడల్, తెలుపు రంగు. 2004లో నాన్న సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. 2021 వానాకాలంలో ఆయన మోకాలికి ఆపరేషన్ అయ్యాక అది రేకుల షెడ్డు కిందికి వెళ్లింది. నాలుగు వానాకాలాలు అక్కడే తడిసింది. పాత ఇనుప సామాన్లు కొనే ఆయన వచ్చి చుట్టూ తిరిగి చూసి 15 వేలు ఇస్తానన్నాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆయన లోపలికి వెళ్లి ఆర్సీ తెచ్చి నా చేతిలో పెట్టారు. గడువు 2025 డిసెంబర్. అప్పటికి ఏప్రిల్ నడుస్తోంది. అంటే, ఈలోగా కారు తన కాళ్ల మీద తను నడిచి ఆర్టీవో ఆఫీసుకి వెళ్లాలి. లేదంటే ఆ 15 వేలే ఖాయం.

ఇదేమీ షోకు కారు కాదు. నాన్న పాచిపెంట మండలంలోని కొండ ఊళ్లలో టీచర్‌గా చేశారు. పై ఊళ్ల నుంచి డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చిన గర్భిణుల్ని అక్కణ్నుంచి సాలూరు ఆసుపత్రికి చేర్చింది ఈ కారే. ఒకసారి కాదు, చాలాసార్లు. అందుకే నేను ఫోన్లో రీల్స్ చూపించి 'అలాయ్ వీల్స్ వేద్దామా నాన్నా' అంటే ఆయన ఒకటే అన్నారు. 'ఒరే, అది ఎక్కిన వాళ్లు దిగాలి. అంతే చూడు.'

అసలీ 800కి ఏముందని?

1983 డిసెంబర్ 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతీ 800 తాళాల్ని హర్‌పాల్‌సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి ఇచ్చారు. అప్పటి ధర 50 వేలకి లోపే. 2014 జనవరిలో తయారీ ఆపేసేదాకా 25 లక్షలకి పైగా అమ్ముడయ్యాయి. 796 సీసీ, మూడు సిలిండర్లు, 12 అంగుళాల చక్రాలు, బరువు సుమారు 650 కిలోలు. ఇవాళ్టి కార్ల పక్కన పెడితే బొమ్మలా ఉంటుంది. కానీ బానెట్ తీస్తే ఇంజిన్ పక్కన చెయ్యి పెట్టడానికి చోటుంటుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్ల గోల లేదు. సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి చెబుతున్నా.. ఏది ఎందుకు పని చేయట్లేదో కళ్లతో చూసి పట్టుకోగలిగే యంత్రం దొరకడం ఈ రోజుల్లో అదృష్టమే.

ఆ మొదటి కారు కథ కూడా మనవాళ్ల కార్ల కథలాంటిదే. డీఐఏ 6479 దాని నంబరు. హర్‌పాల్‌సింగ్ 2010లో చనిపోయాక ఆయన ఇంటి ముందే తుప్పు పట్టింది. ఆ ఫొటోలు నెట్‌లో తిరిగాయి. తర్వాత కంపెనీయే దాన్ని బాగు చేయించి తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది. మిలమిలా మెరుస్తూ ఉంటుంది, బొమ్మల కొలువులో పెట్టినట్టు. మాకు కావాల్సింది అది కాదు. మాది ఘాట్ ఎక్కాలి, దిగాలి.

లారీల ఊరే మాకు దిక్కు

పాచిపెంట పక్కనే సాలూరు. వేగావతి ఒడ్డున ఉన్న ఈ ఊరిని లారీల ఊరు అంటారు. విశాఖ పోర్టు నుంచి రాయపూర్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఉండటంతో లారీలే ఇక్కడి బతుకుతెరువు అయ్యాయి. కంపెనీ నుంచి వచ్చిన ఛాసిస్ మీద ఇక్కడ బాడీ కడతారు. వెల్డింగ్, టింకరింగ్, రంగులు, కమాన్‌కట్టలు, టార్పాలిన్లు.. ఒక్కో షెడ్డుది ఒక్కో పని. నగరంలో పెద్ద షోరూంకి ఈ 800 తీసుకెళ్తే 'పార్ట్ లేదు సార్, మార్చలేం' అంటారు. సాలూరులో అలా అనరు. దొరక్కపోతే చేసిస్తారు. నా ఉద్దేశంలో పాత కారు బాగు చేయించుకోవచ్చా లేదా అన్నది మీ దగ్గరున్న డబ్బు కంటే, మీ దగ్గర్లో ఇలాంటి షెడ్డు ఉందా లేదా అన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మాకు దొరికిన మేస్త్రీకి అరవై దాటాయి. జీవితమంతా లారీ బాడీలే కట్టారు. కారు చూడటానికి మా ఇంటికే వచ్చారు. రంగు గురించి నేను అడుగుతుంటే ఆయన నేల మీద బోర్లా పడుకుని స్క్రూడ్రైవర్‌తో కింద పొడుస్తున్నారు. డ్రైవర్ సీటు కింద ఒకచోట స్క్రూడ్రైవర్ సగం దాకా లోపలికి దిగిపోయింది.

'లారీకైతే ఎముకలు ఏరు, తోలు ఏరు బాబూ. దీనికి తోలే ఎముకలు' అన్నారు లేస్తూ.

ఈ ఒక్క మాట అర్థమైతే చిన్న కారు రిపేరు సగం అర్థమైనట్టే. లారీకి ఛాసిస్ ఉంటుంది, దాని మీద బాడీ ఉంటుంది. బాడీ తుప్పు పట్టినా బండి నిలబడుతుంది. 800కి వేరే ఛాసిస్ లేదు. ఫ్లోర్, రన్నింగ్ బోర్డులు, పైకప్పు, స్తంభాలు అన్నీ కలిసే దాని బలం. కాబట్టి ఫ్లోర్‌కి చిల్లు పడితే కాళ్లకి నీళ్లు తగలడంతో పోదు. గుద్దుకుంటే కారు ముడుచుకుపోతుంది. పైపైన లాపం పూసి, రంగు కొట్టి 'ఫుల్ రీస్టోర్డ్' అని అమ్మేవాళ్లు ఎక్కువైపోయారు. కొనేముందు కార్పెట్ ఎత్తి చూడండి. ఎత్తనివ్వకపోతే కొనకండి.

ఇంట్లో ఏం చేశానంటే..

నాది విశాఖలో ఉద్యోగం. శుక్రవారం రాత్రి బస్సెక్కి వస్తే శని, ఆదివారాలే నా చేతిలో ఉండేవి. పనిని రెండు ముక్కలు చేశాం. విప్పడం, కడగడం, తుడవడం, కార్బొరేటర్, వైర్లు, సీట్లు.. ఇవి నావి. వెల్డింగ్, బ్రేకులు మేస్త్రీవి. యూట్యూబ్ చూసి అన్నీ ఇంట్లోనే చేసేయొచ్చు అనేవాళ్లని నమ్మొద్దు. బ్రేకుల్లో తేడా వస్తే ఘాట్‌లో 'అన్‌డూ' ఉండదు.

విప్పేటప్పుడు ప్రతి దానికీ ముందు ఫొటో తీశా. బోల్టులన్నీ చిన్న జిప్ కవర్లలో వేసి, ఎక్కడివో రాసిపెట్టా. అమ్మ వాటిని చూసి 'మసాలా పొడుల కొట్టు పెట్టావేట్రా' అంది. డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్ ఎలా ఉంటుందో తెలిసినవాణ్ని కదా, అక్కడ మాత్రం బద్ధకించలేదు.

సీట్లు, కార్పెట్ తీసేశాక అసలు బాగోతం బయటపడింది. తలుపుల అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే వాన నీరు లోపలే నిలిచి తలుపు కింది నుంచి తినేస్తుంది. మావి నాలుగింటికి మూడు పూడుకుపోయాయి. బ్యాటరీ పెట్టే పళ్లెం యాసిడ్ కారి జల్లెడయింది. ముందు అద్దం రబ్బరు కింద, వెనక చక్రాల పైన కూడా తుప్పే. కొండ వానల సంగతి ఇటువైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. పైన రేకులున్నా చెమ్మ కింది నుంచి వస్తుంది. మీరూ కారు నిలిపి ఉంచితే మట్టి నేల మీద మాత్రం ఉంచకండి. నాలుగు రాళ్లు పేర్చి ఎత్తు మీద పెట్టినా మేలే.

వెల్డింగ్ కోసం కారుని తాడుకట్టి సాలూరు లాక్కెళ్లాం. అక్కడ మేస్త్రీ ముందు బ్యాటరీ తీయించారు, తర్వాత పెట్రోలు ట్యాంకు దింపించారు. తుప్పు పట్టిన చోటు మీద కొత్త రేకు అతికించడం ఆయనకి గిట్టదు. మెరిసే ఇనుము కనబడేదాకా కోసేశారు. లారీకి వాడే రేకు దీనికి మందం ఎక్కువ కాబట్టి పలచటి రేకు వేరే తెప్పించారు. ఒకేచోట వెల్డింగ్ లాగితే పలచటి రేకు వేడికి వంకర తిరుగుతుంది, చిల్లు కూడా పడుతుంది. అందుకని ఇక్కడో టాకా, అక్కడో టాకా వేస్తూ, చల్లారనిస్తూ పని చేశారు. రెండు రోజుల పని ఐదు రోజులైంది. ఆ షెడ్డులో ఇంత ఓపికగా చేసేది ఆయనొక్కరే. కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో ఉన్నారు, ఈ పనిలో లేరు. ఆయన తర్వాత ఎవరు చేస్తారని అడిగా. 'అప్పటికి నీ కారు కూడా ఉండదులే' అని నవ్వేశారు.

ఇంజిన్ విషయానికొస్తే, నాలుగేళ్లు ఆగిన బండికి వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ చుక్కలు వేసి, ఒక రాత్రి ఉంచి, చేత్తో తిప్పి చూశా. తిరిగింది. పట్టేసి ఉంటే ఖర్చు రెట్టింపయ్యేది. ట్యాంకులోని పాత పెట్రోలు వార్నిష్ వాసన కొట్టింది. అదే కార్బొరేటర్‌లోకి వెళ్లి జిగురులా గట్టిపడుతుంది. జెట్లని ఇనుప తీగతో పొడిచే అలవాటు చాలామందికి ఉంది. అవి ఇత్తడివి, రంధ్రం కొంచెం పెద్దదైనా పెట్రోలు లెక్క తప్పుతుంది. క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి పట్టిస్తే చాలు. రబ్బరు గొట్టాలన్నీ మార్చేశా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1995 నాటి రబ్బరుకి అది పడదు. పెట్రోలు కారి వేడి ఇంజిన్ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో నాన్నకీ గుర్తులేదు. గుర్తులేదంటే మార్చాల్సిందే అని అర్థం.

టైర్ల దగ్గర నాన్నకీ నాకూ చిన్న గొడవ. 'గీతలు బాగానే ఉన్నాయి కదా' అంటారాయన. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూపించా. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2214 అని ఉంది. అంటే 2014లో 22వ వారం. గీతలున్నా రబ్బరు ఎండి పగుళ్లిచ్చేసింది. మీ బైకుకి కూడా ఇప్పుడే వెళ్లి చూసుకోండి.

ముందు ఆగాలి కదా!

జులై కల్లా ఇంజిన్ స్టార్టయింది. నేను వీడియో తీసి స్టేటస్ పెట్టా. మేస్త్రీకి ఫోన్ చేసి రంగు ఎప్పుడు కొడదాం అన్నా. 'రంగు ఎప్పుడైనా ఏసుకోవచ్చు. ముందు ఆగాల కదా!' అన్నారు.

బ్రేక్ ఆయిల్ గాల్లో చెమ్మని పీల్చుకుంటుంది. నాలుగేళ్లు కదలకుండా ఉంటే ఆ చెమ్మకి వీల్ సిలిండర్ల లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. వెనక చక్రాలు రెండూ అలాగే పట్టేశాయి. ఇంకో సంగతి, చెమ్మ చేరిన ఆయిల్ త్వరగా మరుగుతుంది. ఘాట్ దిగుతూ పదేపదే బ్రేకు తొక్కితే ఆ వేడికి ఆయిల్లో ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ కింద దాకా వెళ్లిపోతుంది, బండి ఆగదు. వెనక సిలిండర్లు, షూలు, ముందు ప్యాడ్లు, గొట్టాలు, ఆయిల్.. ఏదీ పాతది ఉంచలేదు.

ఆగస్టులో పని సగంలో ఉండగా ఇంకో దెబ్బ. 20 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజుని కేంద్రం 5 వేల నుంచి 10 వేలకి పెంచింది. పాత బండ్లు పొగ ఎక్కువ వదులుతాయి, నిజమే. తగ్గాలనుకోవడంలో తప్పు లేదు. కానీ నెలకి 200 కిలోమీటర్లు తిరిగే కారుకీ, రోజూ 200 తిరిగే దానికీ ఒకటే ఫీజు అంటేనే నాకు మింగుడు పడదు. ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద కోర్టు ఆంక్షలు వచ్చాయి. మన దగ్గర మాత్రం ఫిట్‌గా ఉంటే ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అదొక్కటే ఊరట.

సెప్టెంబర్‌లో రంగు అయింది. తెలుపే ఉంచాం. రంగు మారిస్తే ఆర్సీలోనూ మార్పించుకోవాలి, అదో తిరుగుడు. ఛాసిస్ నంబరు చెక్కిన చోట మాత్రం గ్రైండర్ గానీ లాపం గానీ తగలనివ్వలేదు. తనిఖీలో ఆ అంకెలు కనబడకపోతే మిగతా కారంతా అద్దంలా ఉన్నా లాభం లేదు.

అక్టోబర్‌లో పి.కోనవలస ఘాట్ ఎక్కించాం. ముందు సీట్లో మేస్త్రీ, వెనక నాన్న. సుంకి వైపు వెళ్లే లారీల వెనక సెకండ్ గేర్‌లో పాకుతూ వెళ్తుంటే నా కళ్లు రోడ్డు మీద కంటే వేడి చూపించే ముల్లు మీదే ఉన్నాయి. సగం దాటింది, ముప్పావు దగ్గర ఆగింది. ఫ్యాన్ తిరగడం మొదలైంది. ముల్లు కొంచెం దిగింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పైన ఒకచోట ఆపి, కిందికి వంగి గొట్టాలన్నీ చూశాం. ఎక్కడా కారడం లేదు.

దిగేటప్పుడు నాన్న నడుపుతానన్నారు. సెకండ్ గేర్‌లోనే ఉంచి, బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టనట్టు, ఇంజిన్ పట్టుమీదే దించారు. మలుపు మలుపుకీ హారన్. కిందికొచ్చాక మేస్త్రీ నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూసి, 'ఇంక కాయితాలు ఎట్టుకో' అన్నారు.

గడువుకి 60 రోజుల లోపు ఫారం 25తో దరఖాస్తు చేసుకోవాలి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి, బండిని తీసుకెళ్లి చూపించాలి. డిసెంబర్ మొదటి వారంలో చూపించాం. పాసైంది. 2030 దాకా ఢోకా లేదు.

ఇక లెక్క. టింకరింగ్, రంగు కలిపి 41,000. టైర్లు 11,200. బ్రేకులు 9,600. ఇంజిన్, కార్బొరేటర్, రేడియేటర్ సామాను 12,400. బ్యాటరీ 3,600. సీట్లు, రబ్బర్లు, లైట్లు 7,900. మొత్తం 85,700. రెన్యువల్ ఫీజు, ట్యాక్స్ దీనికి అదనం. ఇప్పుడు దీన్ని అమ్మితే 50 వేలు వస్తే గొప్ప. లాభం కోసం చేద్దామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

నాన్న ఇప్పుడు వారానికి రెండుసార్లు సాలూరు సంతకి, మందులకి వెళ్లొస్తున్నారు. మొన్న స్పీడోమీటర్ కేబుల్ తెగిందని ఫోన్ చేశారు. 350 రూపాయలట. శనివారం నేనే వేయాలి.