చర్చి కప్పుకెంత, బయటి ఆకలికెంత? మెదక్ నుంచి మనకో లెక్క

ప్రార్థనా స్థలం ఏదైనా సరే, దాని కమిటీ మీటింగులో ఏడాదికి ఒకసారైనా ఈ వాదన వస్తుంది. "మిద్దె కారుతోంది, ముందు రిపేరు చేయిద్దాం" అని ఒకరంటారు. "గోడలకు పోసే డబ్బుతో పది మంది పిల్లల ఫీజులు కట్టొచ్చు కదా" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టి మీటింగు టీతో ముగుస్తుంది, మిద్దె మాత్రం కారుతూనే ఉంటుంది. గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి వైపు తరతరాలుగా ఉంటున్న మన తెలుగు ఇళ్ళలో భజన మందిరాల వాళ్ళున్నారు, చర్చిల వాళ్ళున్నారు, చౌల్ట్రీలు నడిపే వాళ్ళున్నారు. అందరికీ ఈ తగవు తెలుసు.

దీనికి జవాబు వెతకాలంటే తెలుగు నేల మీద ఒక మంచి ఉదాహరణ ఉంది. అది మెదక్ చర్చి. అక్కడ కట్టడమూ సేవా మొదటి నుంచీ విడివిడిగా లేవు. అందుకే ఈసారి దాని గురించి, దాని నుంచి మన చిన్న కట్టడాలకు పనికొచ్చే సంగతుల గురించి రాస్తున్నాము.

కరువులో లేచిన గోడలు

మెదక్ అప్పట్లో నిజాం సంస్థానంలోని ఊరు. ఇప్పుడు తెలంగాణలో జిల్లా కేంద్రం. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు పాదిరీ అక్కడ చాలా ఏళ్ళు పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ ప్రాంతాన్ని కరువు పట్టింది. వానల్లేక, పనుల్లేక జనం అల్లాడుతున్నారు. పాస్నెట్ ఊరికే గింజలు పంచే దారి పట్టలేదు. చర్చి కట్టే పని పెట్టి, పనిచేసిన వారికి తిండి పెట్టారు. పని 1914లో మొదలై పదేళ్ళు సాగింది. 1924 డిసెంబర్ 25న చర్చిని ప్రతిష్ఠించారు.

ఈ రోజుల్లో మనం పనికి ఆహార పథకం అంటున్నదే అది. ఎలాగూ కట్టాల్సిన గుడి కూలికి మార్గమైంది, కూలి చేసిన చేతుల వల్ల గుడి లేచింది. గోడలకా, కడుపులకా అన్న ప్రశ్నే అక్కడ పుట్టలేదు. ఏ రాయి మోసిన వారి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగిందో ఆ రాయి నేటికీ గోడలోనే ఉంది.

చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల సుమారు 5,000 మంది కూర్చోవచ్చు. స్తంభాలకు వాడింది బూడిదరంగు గ్రానైట్. నేల మీద పరిచిన రంగుల మొజాయిక్ పలకలు బ్రిటన్ నుంచి ఓడలో వచ్చాయి. అన్నిటికన్నా పేరు పొందినవి రంగు గాజు కిటికీలు. ఏసు జననం, సిలువ, ఆరోహణం మూడు కిటికీలలో కనిపిస్తాయి. బయట నుంచి సూర్యుడి వెలుగు పడితేనే ఆ బొమ్మలకు ప్రాణం వస్తుంది. పొద్దు గూకాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా అవి నల్లటి గాజు ముక్కలే.

ఆ కిటికీల తేదీలు చూడండి. ఆరోహణం కిటికీ 1927లో, జననం కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో అమర్చారు. అంటే చర్చి తెరిచిన 34 ఏళ్ళకు గానీ మూడో కిటికీ రాలేదు. అప్పు చేసి అన్నీ ఒక్కరోజే ముగించాలన్న ఆరాటం వారికి లేదు. ఇవాళ మన ఊళ్ళలో ప్రారంభోత్సవం తేదీ ముందు ఖాయం చేసి, దానికోసం అప్పు తెచ్చి, తర్వాత పదేళ్ళు వడ్డీ కట్టే కమిటీలకు ఇది మొదటి పాఠం.

మనకూ ఆ సంఘానికీ చుట్టరికం

మెదక్ మనకు దూరమే గానీ ఆ చర్చి సంబంధం మన జిల్లాలోనూ ఉంది. మెదక్‌లో పనిచేసింది వెస్లియన్ మిషన్. చిక్కబళ్ళాపురంలో ఆసుపత్రి పెట్టింది లండన్ మిషన్. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు, అంతకుముందే ఒక్కటైన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. అప్పటి నుంచి మెదక్ చర్చి ఒక డయోసీసుకు కేంద్రమైన కెథడ్రల్ అయింది. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిని మన పెద్దలు మిషన్ ఆసుపత్రి అన్నా, బోర్డు మీద సి.ఎస్.ఐ. అని రాసి ఉండటానికి కారణం ఇదే.

సి.ఎస్.ఐ. సంఘాలలో సేవ అంటే ముఖ్యంగా బడి, హాస్టలు, ఆసుపత్రి. ఆ సేవ అందుకున్న వారిలో ఎక్కువ మంది క్రైస్తవులు కారు. క్రిస్మస్ నాడు మెదక్ వెళ్ళిన వారికి తెలుసు, అక్కడ వరుసలో నిలబడేవారిలో అన్ని మతాల వారూ ఉంటారు. మన ఇళ్ళలోనూ కాన్పుకు, పాముకాటుకు మిషన్ ఆసుపత్రికి పరుగెత్తిన రోజులు ముసలివారిని అడిగితే చెబుతారు.

మన తెలుగువారికి ప్రత్యేకమైన సంగతి ఇంకొకటుంది. ఈ తాలూకాలలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో కన్నడమో, ఇంగ్లీషో చదువుతారు. తెలుగు నోటికి వస్తుంది, కంటికి రాదు. తెలుగులో ఆరాధన జరిగే చర్చిలో మాత్రం పాటల పుస్తకమూ, బైబిలూ చేతిలో పట్టుకుని చదవాలి. వారానికోసారైనా తెలుగు అక్షరం కంటబడే చోటు అది. భజన మందిరంలో తెలుగు కీర్తనల పుస్తకం చూసి పాడేవారిదీ అదే దారి. అలాంటి చోటు పైకప్పు కూలిపోతే పోయేది కప్పు ఒక్కటే కాదు. ఆ గుమిగూడటం పోతుంది, దానితో చదవటమూ పోతుంది. మా సంఘం ఈ విషయం ఎత్తుకోవటానికి అసలు కారణం ఇదే.

పాత కట్టడాన్ని చంపేది నీరు

పాత కట్టడాలు ఒక్కరోజులో కూలవు. వాటికి మొదటి శత్రువు నీరు. రాయి తడిసినా ఏమీ కాదు. రాళ్ళ మధ్య అతుకు తడిస్తేనే చిక్కు. ఆ కాలపు గోడలు ఎక్కువగా గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గచ్చు తడిని పీల్చుకుని మళ్ళీ బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి బయటికి రాలేక లోపలే నిలిచి, గచ్చు పొడిపొడిగా రాలుతుంది. ప్లాస్టిక్ పెయింటు వేసినా అదే జరుగుతుంది. కొత్త సిమెంటు నున్నగా కనబడుతుంది కాబట్టి కమిటీ సంతోషిస్తుంది. నాలుగైదు వానాకాలాల తర్వాత గోడ ఉబ్బి, పెచ్చులూడుతుంది. సున్నపు గోడకు సున్నమే వైద్యం. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు కాబట్టి ఉన్నవారి దగ్గర కుర్రవాళ్ళకు పని నేర్పించటం కూడా సేవే.

రెండోది రావి మొలక. విదురాశ్వత్థం వైపు వారికి రావి చెట్టు మహిమ ఒకరు చెప్పనక్కర్లేదు. పక్షి వేసిన గింజ గోడ సందులో మొలిస్తే పీకటానికి చేయి రాదు, దేవుడి చెట్టు కదా అనిపిస్తుంది. కానీ వేరు లావైతే రాతిని రెండుగా చీలుస్తుంది. రెండాకుల మొలకగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసి, పినాకిని గట్టునో, ఖాళీ స్థలంలోనో నాటితే చెట్టూ బతుకుతుంది, గోడా బతుకుతుంది. పైకి కోసి వదిలేస్తే లాభం లేదు, మళ్ళీ చిగురిస్తుంది. విదురుడు నాటాడని మనవారు నమ్మిన ఆ మహావృక్షం కూడా 2001లో కూలింది. పూజ ఎంత జరిగినా వయసు వయసే. చెట్టుకైనా, కట్టడానికైనా పూజతో పాటు పరీక్ష కూడా ఉండాలి.

మూడోది గాజు కిటికీ. గాజు ముక్కలను పట్టి ఉంచేవి సీసపు పట్టీలు. సీసం మెత్తటి లోహం. ఎండకు సాగి, గాలికి వంగి, కిటికీ పొట్ట ఉబ్బినట్టు అవుతుంది. అది కనబడగానే తెలిసినవారికి చూపించాలి. సబ్బు నీళ్ళతో, ఆమ్లంతో రుద్దటం మంచిది కాదు. ఇవి కాక పాత కరెంటు వైర్లు, బెంచీల చెదలు, గబ్బిలాలు, గోపురం మీది పిడుగును నేలలోకి దించే రాగి పట్టీ అన్నీ ఏటా ఒకసారి చూసుకోవలసినవే.

మన వైపు పెద్ద వానలు సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పడతాయి. మే నెలలో ఒకసారి, ఆగస్టు చివర ఇంకోసారి మిద్దె ఎక్కి తూములలో ఆకులు, చెత్త తీయించి, అతుకులు చూస్తే సగం ఖర్చు తప్పుతుంది. ఇద్దరు కూలీలు ఒక పూట చేసే పని ఇది. అయినా ఎక్కడా జరగదు. కమాను కట్టించిన వారి పేరు రాతి పలక మీద చెక్కిస్తాం గానీ, తూము తుడిపించిన వారి పేరు ఎవరూ చెక్కించరు. దాతలు కమానుకే మొగ్గు చూపటంలో వింతేమీ లేదు.

డబ్బు లెక్క

ఇక అసలు తగవుకు వద్దాం. మా సంఘం సలహా ఒక్కటే. డబ్బును మూడు పద్దులుగా విడదీయండి: రోజువారీ ఖర్చు, కట్టడం నిధి, సేవా నిధి. ఒకదాని డబ్బు ఇంకొకదానికి వాడాలంటే కమిటీ తీర్మానం పుస్తకంలో రాయాలి. అప్పుడు కప్పు పేరు చెప్పి పిల్లల ఫీజు ఆగదు, సేవ పేరు చెప్పి కప్పు కూలదు.

చట్టం కూడా దీనికి సాయం చేస్తుంది. ఆదాయపు పన్ను మినహాయింపు పొందిన ట్రస్టు తన ఆదాయంలో 85 శాతాన్ని ఆ ఏడాదే ఆశయాలకు ఖర్చు చేయాలి. పెద్ద మరమ్మతు ముందుంటే, దేనికోసమో స్పష్టంగా రాసిచ్చి ఐదేళ్ళ వరకు కూడబెట్టుకునే వీలుంది. ఈ వీలు తెలియక మిగిలిన డబ్బును మార్చి నెలలో హడావిడిగా టైల్సు మీద పోసే కమిటీలున్నాయి. దాతకు 80జి పన్ను రాయితీ ఇప్పించే ట్రస్టు మతపరమైన పనులకు ఆదాయంలో 5 శాతం మించి వాడరాదు. కనుక చాలాచోట్ల ఆరాధన చూసే సంస్థ ఒకటి, బడి, వైద్యం చూసే ట్రస్టు ఒకటి వేరుగా పెట్టుకుంటారు. నగదుగా ఇచ్చిన విరాళం 2,000 రూపాయలు దాటితే దాతకు ఆ రాయితీ రాదు. విదేశాల్లో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్న మన పిల్లలు పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి. తీసుకునే ముందు ఆడిటర్‌ను అడగండి.

రశీదు లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. ఏడాది లెక్క గోడకు అతికించండి. నమ్మకం ఉన్న చోట చందా అడగకుండానే వస్తుంది.

ఇప్పుడు చేయవలసింది

ఈ ఏడాది మా సంఘం మన తాలూకాలలోని తెలుగు ప్రార్థనా స్థలాల పట్టిక తయారు చేయాలనుకుంటోంది. చర్చి, భజన మందిరం, చౌల్ట్రీ అన్న తేడా లేదు. ఒక్కో కట్టడానికి ఒక నోటు పుస్తకం పెడదాం. ఎప్పుడు కట్టారు, దేనితో కట్టారు, ఎక్కడ కారుతుంది, చివరిసారి ఎవరు మిద్దె ఎక్కారు అన్నవి అందులో తెలుగులోనే రాద్దాం. ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేత రాయించండి. అక్షరం వస్తుంది, కట్టడం ఎవరిదో కూడా తెలుస్తుంది.

మరమ్మతు పని వచ్చినప్పుడు దూరపు కంట్రాక్టరు కన్నా ముందు ఊళ్ళో పని లేని వారిని అడగండి. మెదక్‌లో పదేళ్ళు జరిగింది అదే. మీ వైపు పాత కట్టడం ఏదైనా ఉంటే సంఘం కార్యాలయానికి తెలపండి. వానలు పెరగక ముందే వచ్చి చూస్తాము.