వేడెక్కిన కంప్యూటరు

మే నెల మధ్యాహ్నము. మాచర్లలోనో గురజాలలోనో ఒక దుకాణమున కూర్చుండి, ఒక తండ్రి తన కుమార్తె కళాశాల ప్రవేశమునకు దరఖాస్తు నింపించుచున్నాడు. గడువు ఆనాటితో సరి. చివరి పుట వచ్చుసరికి కంప్యూటరు చప్పున ఆగిపోయినది. మరల నడిపించి చూడగా ప్రాసెసరు ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటియున్నది. “పాతబడినది, క్రొత్తది కొనవలసినదే” యని ప్రక్కవారి తీర్పు. ఆ తీర్పు పలుమారులు తొందరపాటని మా యభిప్రాయము.

ప్రాసెసరు వాడుకొను విద్యుత్తు దాదాపు అంతయు వేడిగా మారును. దానిపై బిగించిన లోహపు రెక్కల దిమ్మె ఆ వేడిని గ్రహించును. దిమ్మెపై తిరుగు ఫ్యాను దానిని గాలిలోనికి త్రోయును. రెంటి నడుమ సందు లేకుండుటకు ఒక పేస్టు పూయుదురు. ఉష్ణోగ్రత 100 డిగ్రీల దరికి చేరినచో చాల ప్రాసెసర్లు తామే వేగము తగ్గించుకొనును. అప్పటికిని చల్లబడకున్న, కాలిపోకుండుటకై యంత్రము ఆగిపోవును.

ఇక అంకెను చదువుటలో ఒక మెలకువ కలదు. వేసవి వార్తలలో రెంటచింతల పేరు విననివారుండరు. గదిలోని గాలి కంటె చల్లగా దిమ్మెను ఏ ఫ్యానును చేయజాలదు. జనవరిలో గది 25 డిగ్రీలున్నప్పుడు, పని లేని ప్రాసెసరు 45 చూపినదనుకొందము. తేడా 20. మే నెలలో గది 43 ఉన్నచో అదే యంత్రము దాదాపు 63 చూపును. అది రోగము కాదు, ఋతువు. తేడా 20 నుండి 40కి పెరిగినదా, అప్పుడు వెదకవలెను. వెదకుటకు ముందు, తెర వెనుక మనకు తెలియకుండ ఏదేని ప్రోగ్రాము పనిచేయుచున్నదేమో చూచుట మేలు.

తరువాతి పరీక్ష వ్రేలితో చేయునది. యంత్రమును ఆపి, ప్లగ్గు ఊడదీసి, ప్రక్క రేకు తెరచి, వెంటనే దిమ్మెను క్షణకాలము తాకవలెను. అంకె 90 చూపినను దిమ్మె చల్లగా నున్నచో, వేడి దానికి చేరుటలేదన్నమాట: పేస్టు ఎండినది, లేదా మూలనున్న బిగింపులలో ఒకటి ఊడినది. దిమ్మె కూడ కాలుచున్నచో, వేడి వచ్చినది గాని గాలి దానిని కొనిపోవుటలేదు: ఫ్యాను ఆగినది, లేదా రెక్కల నడుమ దుమ్ము పేరుకొన్నది.

మన ప్రాంతమున ఈ రెండవదే ఎక్కువ. పిడుగురాళ్ల సున్నపు బట్టీల ధూళి, పత్తి నూగు, మిరప కళ్లముల దుమ్ము కలసి రెక్కల నడుమ కంబళివలె అల్లుకొనును. మెత్తని కుంచెతో, ఊదుడు యంత్రముతో దులుపవలెను. ఊదునప్పుడు ఫ్యాను రెక్కలు గిరగిర తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెను. తడిగుడ్డ కూడదు, సున్నపు ధూళి తడిసిన గట్టిపడును. వాల్వు రేడియోల వెనుక అట్టకు గాలి రంధ్రములుండెడివి. వానిపై అందమైన కుట్టుగుడ్డలు కప్పి మన యిండ్లలో ఎన్ని సెట్లను ఉక్కిరిబిక్కిరి చేసితిమో! కంప్యూటరుకు కూడ నడుచునంతసేపు ఆ ముసుగు వలదు. నీటి కూలరు తేమగాలి సూటిగా తగులుటయు మంచిది కాదు.

పేస్టు దోషమైనచో పాతదానిని స్పిరిటుతో తుడిచి, కందిగింజంత క్రొత్తది పెట్టి, ఎదురెదురు మూలలను మార్చి మార్చి సమముగా బిగింపవలెను.

ఆ తండ్రి మాటకు వత్తుము. గడువు గంటలో ముగియనున్నప్పుడు మరమ్మతు చేయుటకు వ్యవధి యెక్కడిది? ప్రక్క రేకు తీసి, లోనికి గాలి వీచునట్లు బల్ల ఫ్యాను నుంచి, తక్కిన ప్రోగ్రాములన్నియు మూసి, పని ముగించుకొనవచ్చును. చేతులు, పిల్లలు దరి చేరకుండ చూడవలెను. శుభ్రము చేసిన పిమ్మట గది ఉష్ణోగ్రతను, ప్రాసెసరు అంకెను, తేదీని ఒక చీటిపై వ్రాసి పెట్టెకే అంటించినచో, మరుసటి వేసవిలో పోల్చి చూచుకొనుటకు వీలగును.