జేబులో నేలమాళిగ

"ఇంకో ఐదు నిమిషాల్లో ఎలాగూ చచ్చిపోతాను మాస్టారూ! అప్పుడు ఇచ్చేస్తాను!"

మొన్నామధ్య తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నాతో అన్న మాటలివి. కంగారు పడకండి. చచ్చిపోయేది వాడు కాదు. వాడి చేతిలోని చిన్న ఆటయంత్రంలో కత్తి పట్టుకుని తిరిగే బుల్లి వీరుడు! నేను నల్లబల్ల మీద కాంతి పరావర్తనం బొమ్మ గీస్తూ ఉంటే, వీడు వెనక బెంచీలో కూర్చుని, చేతులు బల్ల కింద పెట్టి నేలమాళిగలో యుద్ధం చేస్తున్నాడు. ఆ యంత్రాన్ని వాళ్ళ మేనమామ అమెరికా నుంచి తెచ్చాడట. లాక్కుని జేబులో వేసుకున్నాను. "రేపు మీ నాన్నగారిని తీసుకురా" అన్నాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక జవాబు పత్రాలు దిద్దడానికి కూర్చున్నాను. 'అసలు ఇందులో అంత ఏముంది?' అనిపించి యంత్రం మీట నొక్కాను. తెర మీద నలుపు తెలుపు చుక్కలతో కూర్చిన గళ్ళ గది ఒకటి కనిపించింది. ఇప్పటి టీవీ బొమ్మల ముందు ఇవి పిచ్చిగీతల కింద లెక్క. మొదటిసారి రెండు నిమిషాల్లోనే ఒక గబ్బిలం నన్ను చంపేసింది. రెండోసారి నాలుగు నిమిషాలు బతికాను. మూడోసారి... నాలుగోసారి... తలెత్తి గడియారం చూస్తే ఒంటిగంట! జవాబు పత్రాల కట్ట విప్పనే లేదు.

యాభై దాటిన సైన్సు మాస్టారును ఈ బుల్లి యంత్రం అంతసేపు ఎలా కూర్చోబెట్టింది? పిల్లవాణ్ణి కోప్పడేముందు ఈ ప్రశ్నకు జవాబు వెతకడం న్యాయమనిపించింది. రండి, మనం కలిసి వెతుకుదాం.

అక్షరాలే రాక్షసులు

ఈ ఆటల తాత పేరు 'రోగ్'. 1980 ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకునే మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ అనే ఇద్దరు యువకులు దీన్ని తయారుచేశారు. తరువాత కెన్ ఆర్నాల్డ్ వారితో చేరాడు. వారు వాడిన కంప్యూటరు తెరల మీద బొమ్మలు వచ్చేవి కావు, అక్షరాలు మాత్రమే వచ్చేవి. అందుకని వారు అక్షరాలతోనే ఆట కట్టారు. ఈమెయిలు చిరునామాలో వచ్చే 'ఎట్' గుర్తే వీరుడు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు 26 ఉన్నాయి కదా, అవే 26 రకాల శత్రువులు. గబ్బిలానికి 'బి', డ్రాగన్‌కు 'డి', జాంబీకి 'జడ్' అన్నమాట! గదులన్నీ దాటుకుంటూ అంతస్తు తరువాత అంతస్తు కిందికి దిగి, 26వ అంతస్తు దాకా వెళ్ళి 'యెండోర్ తాయెత్తు' అనేదాన్ని పైకి తేవాలి. దారిలో వీరుడు చనిపోతే ఆట మళ్ళీ మొదటినుంచే.

మరి 'డి' అక్షరాన్ని చూసి ఎవరైనా భయపడతారా? భయపడతారు! ఎందుకంటే ఆ అక్షరం వెనుక ఉన్న డ్రాగన్ బొమ్మను గీసేది కంప్యూటరు కాదు, మన మనస్సు. అమ్మమ్మ చీకట్లో కథ చెబుతుంటే రాక్షసుడు మీ కళ్ళకు కట్టలేదూ? ఆమె దగ్గర రంగుల తెర ఉందా ఏమిటి?

పలకల లెక్క

ఈ నేలమాళిగలు పెద్ద కంప్యూటర్ల నుంచి చేతియంత్రాల్లోకీ దిగాయి. 1989లో జపానుకు చెందిన నింటెండో సంస్థ 'గేమ్ బాయ్' అనే చేతియంత్రాన్ని విడుదల చేసింది. దాని తయారీలో ముఖ్యుడు గుంపేయ్ యొకోయ్ అనే ఇంజనీరు. సరికొత్త ఖరీదైన భాగాల వెంట పడకుండా, అందరికీ బాగా తెలిసిన చవక భాగాలను కొత్తరకంగా వాడాలన్నది ఆయన పద్ధతి. తెర మీద అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144. నాలుగే ఛాయలు. నడవడానికి నాలుగు పెన్సిల్ సెల్స్ చాలు. పని చేసుకోవడానికి దానికి ఉన్న జ్ఞాపకశక్తి 8 కిలోబైట్లు, బొమ్మల కోసం మరో 8 కిలోబైట్లు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దామా? 160ని 144తో గుణిస్తే 23,040 చుక్కలు. నాలుగు ఛాయల్లో ఏదో చెప్పడానికి చుక్కకు 2 బిట్లు కావాలి. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి తెరనంతా చుక్క చుక్కగా గుర్తుపెట్టుకోవాలంటే 5,760 బైట్లు కావాలి. బొమ్మల కోసం ఉన్నదే 8,192 బైట్లు. అందులో సగానికి పైగా ఒక్క తెరకే ఖర్చు!

అందుకే గేమ్ బాయ్ మరో ఉపాయం వాడింది. మన ఇళ్ళలో నేలకు పలకలు పరుస్తాం కదా! అలాగే 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ఉన్న పలకలతో తెరను పరిచింది. ఒక పలక బొమ్మకు 16 బైట్లు చాలు. తెర మీద అడ్డంగా 20, నిలువుగా 18, మొత్తం 360 పలకలు పడతాయి. ఏ చోట ఏ నంబరు పలక ఉందో చెప్పడానికి చోటుకు ఒక బైటు. గోడ, నేల, తలుపు, పెట్టె, గబ్బిలం... ఇలా 40 రకాల పలకలు చేసుకున్నామనుకోండి. 40 పదహార్లు 640. దానికి 360 కలిపితే సరిగ్గా 1,000 బైట్లు. 5,760 ఎక్కడ, 1,000 ఎక్కడ!

గళ్ళ గదుల నేలమాళిగ ఇలాంటి యంత్రానికి చక్కగా కుదిరింది. 1991లో జపానులో కొనామి సంస్థ గేమ్ బాయ్ కోసం 'కేవ్ న్వార్' అనే ఆటను తెచ్చింది. ఇన్ని శత్రువులను ఓడించు, ఇంత బంగారం తీసుకురా వంటి చిన్న చిన్న పనులే అందులో ఉంటాయి. ఒక్కో ప్రయాణం కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ప్రయాణం మొదలుపెట్టిన ప్రతిసారీ గదులు కొత్తగా ఏర్పడతాయి.

శేషంలోంచి పుట్టే గదులు

గదులు ప్రతిసారీ కొత్తగా ఎలా ఏర్పడతాయి? లక్షల నేలమాళిగలను ముందే గీసి యంత్రంలో దాచారా? అంత చోటు లేదని ఇప్పుడే చూశాం. యంత్రం వాటిని లెక్క చేసి పుట్టిస్తుంది. ఆ లెక్క ఐదో తరగతి వాళ్ళకు కూడా వస్తుంది.

ఏదైనా ఒక సంఖ్య తీసుకోండి. దాన్ని 5తో గుణించి 3 కలపండి. వచ్చినదాన్ని 16తో భాగించి శేషం రాయండి. ఆ శేషంతో మళ్ళీ ఇదే లెక్క చేయండి. 7తో మొదలుపెడితే: 5 ఏళ్ళు 35, మూడు కలిపితే 38, 16తో భాగిస్తే శేషం 6. అలాగే 6 నుంచి 1, తరువాత 8, 11, 10, 5, 12, 15, 14... చూస్తే ఏ వరుసా లేనట్టు కనిపించడం లేదూ? కాని ప్రతి సంఖ్యా నియమం ప్రకారమే వచ్చింది. అందుకే వీటిని 'మిథ్యా యాదృచ్ఛిక సంఖ్యలు' అనవచ్చు. ఈ తరహా పద్ధతిని 1949లో అమెరికా గణితవేత్త లెహ్మర్ సూచించాడు. మొదట తీసుకున్న సంఖ్య విత్తనం వంటిది. విత్తనం మారితే నేలమాళిగ మారుతుంది. అదే విత్తనం వేస్తే మళ్ళీ అదే నేలమాళిగ మొలుస్తుంది.

మన లెక్కలో 16 విత్తనాలే ఉన్నాయి. 32 బిట్ల సంఖ్యను వాడితే 429 కోట్లకు పైగా విత్తనాలు!

మరి యంత్రానికి ఆ మొదటి విత్తనం ఎవరిస్తారు? ఇక్కడే నాకు భలే ముచ్చట వేసింది. గేమ్ బాయ్‌లో ఒక చిన్న లెక్కింపు గడి ఉంది. అది సెకనుకు 16,384 సార్లు ఒక్కొక్క అంకె పెరుగుతూ, 255 దాటగానే మళ్ళీ సున్నాకు వస్తుంది. మీరు మీట నొక్కిన క్షణాన ఆ గడిలో ఏ అంకె ఉంటే దాన్నే విత్తనంగా తీసుకునేలా ఆటను రాయవచ్చు. అంత వేగంగా తిరిగే అంకెను చూసి నొక్కడం ఎవరి తరం? అంటే మీ వేలే మీకు తెలియకుండా ఆ నేలమాళిగకు విత్తనం నాటుతోందన్నమాట!

వైకుంఠపాళికీ దీనికీ తేడా

మనకు వైకుంఠపాళి ఉంది. అందులో గవ్వలు ఎన్ని చెబితే అన్ని గళ్ళు జరగడమే తప్ప మన తెలివితో పనిలేదు. పాము నోట్లో పడ్డామంటే అది మన తప్పు కాదు. చదరంగంలో దీనికి వ్యతిరేకం. అంతా తెలివే, అదృష్టానికి చోటు లేదు. నేలమాళిగ ఆట ఈ రెంటికీ నడుమ ఉంది. తలుపు వెనుక ఏముందో అదృష్టం నిర్ణయిస్తుంది. తలుపు తెరవాలా, వెనక్కు తగ్గాలా, ఉన్న ఒక్క మందునూ ఇప్పుడే తాగాలా అనేది మనం నిర్ణయిస్తాం. గది మారిపోయినా నేర్చుకున్న పాఠం మాత్రం మనతోనే ఉంటుంది. నేను రెండోసారి ఎక్కువసేపు బతికింది అందుకే. గబ్బిలం ఎలా కదులుతుందో మొదటి చావు నాకు నేర్పింది. ఆట చిన్నది కాబట్టి ఆ పాఠం ఖరీదు రెండు నిమిషాలే.

పావురాల పాఠం

ఇక నా జవాబు పత్రాల సంగతి. దానికి కారణం పావురాలు చెప్పాయి! ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1957లో తమ ప్రయోగాల ఫలితాలను ప్రచురించారు. పావురం ఒక మీటను ముక్కుతో పొడిస్తే గింజలు పడతాయి. ఎన్ని పోట్లకు గింజలు పడతాయో ముందుగా తెలియకుండా చేస్తే, పావురం విసుగూ విరామం లేకుండా పొడుస్తూనే ఉంటుంది. 'ఈసారి పడుతుందేమో!'

ఆటలోని నిధిపెట్టె కూడా అలాంటి మీటే. 'ఈసారి మంచి కత్తి దొరుకుతుందేమో!' అనుకుంటూనే నేను ఒంటిగంట చేశాను. మనల్ని ఆలోచింపజేసే యాదృచ్ఛికతే మనల్ని కట్టిపడేస్తుంది కూడా. అయితే ఈ చిన్న ఆటల్లో ఒక మేలుంది. వీరుడు చనిపోగానే ఆట నిజంగా ముగుస్తుంది. యంత్రం పక్కన పెట్టడానికి అదే సరైన సమయం. ఆ సమయాన్ని నేను వరసగా ఎన్నోసార్లు జారవిడిచాను. మీరు జారవిడవకండి. 'మూడుసార్లు చచ్చిపోతే చాలు' అని మొదలుపెట్టే ముందే లెక్క పెట్టుకోండి.

మీరే చేసి చూడండి

యంత్రం అక్కర్లేదు. కాగితం మీద మూడు వరుసల్లో తొమ్మిది గళ్ళు గీసి, 1 నుంచి 9 దాకా నంబర్లు వేయండి. ఒకరు ఆట నడిపేవారు, ఒకరు వీరుడు. నడిపేవారు రహస్యంగా ఒక విత్తనం ఎంచుకుని, పై లెక్కతో తొమ్మిది సంఖ్యలు రాబట్టి వరసగా గదుల్లో రాసుకోవాలి. 0 నుంచి 3 వస్తే ఖాళీ గది, 4 నుంచి 7 బంగారం, 8 నుంచి 12 శత్రువు, 13 నుంచి 15 మందు. వీరుడికి మూడు ప్రాణాలు. శత్రువు ఎదురైతే ఒక ప్రాణం పోతుంది, మందు దొరికితే ఒకటి వస్తుంది. ఎదుర్కొన్న శత్రువు మళ్ళీ ఉండడు. ఒకటో గదిలో మొదలై తొమ్మిదో గది చేరాలి. ఐమూలగా నడవకూడదు. ప్రతి గదిలోనూ వీరుడు "పక్క గదుల్లో శత్రువులెందరు?" అని అడగవచ్చు. నడిపేవారు సంఖ్య మాత్రం చెబుతారు, ఏ గదిలో ఉన్నారో చెప్పరు.

విత్తనం 7 అయితే, నాలుగో గదిలో నిలబడి అడిగినవాడికి "ఇద్దరు" అని జవాబు వస్తుంది. పక్కన ఉన్నవి 1, 5, 7 గదులు. ఒకటో గది చూసి వచ్చినదే, అక్కడ ఎవరూ లేరు. అయితే 5, 7 రెండింటిలోనూ శత్రువులున్నారు! తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని రాబట్టడం ఇదే. సైన్సులో మనం చేసే పని కూడా ఇదే.

మర్నాడు ఆ కుర్రవాడు నాన్నగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. యంత్రం బల్ల మీద పెట్టి, "క్లాసులో బయటికి తీయనని మాట ఇవ్వు. ఈ గదులు ఎలా పుడతాయో మీ నాన్నగారికి చెప్పు. అప్పుడు తీసుకుపో" అన్నాను. ముందుగా వాడికి శేషాల లెక్క నేర్పాను. వాడు గళ్ళకాగితం తీసి నేలమాళిగ గీశాడు. తిట్లు తినడానికి సిద్ధమై వచ్చిన తండ్రి పక్కనే కూర్చుని వీరుడి వేషం వేశారు. అటూ ఇటూ తిరిగి ఏడో గదిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

"ఇంకొక్కసారి వెయ్యరా" అన్నారాయన.

"ఏ విత్తనం నాన్నా?" అన్నాడు వాడు.