జోడేఘాట్ పోతున్నరా? గుట్టలతోని పాటు గొడవ గూడ సూడుండ్రి

ఆర్ఆర్ఆర్ సిన్మ వచ్చినంక జోడేఘాట్ పేరు మస్తు మందికి తెల్సింది. మంచిదే. గని ఆ కథ కల్పితం. అల్లూరి, కుమ్రం భీము ఎన్నడూ కలువలే. అల్లూరి 1924ల మన్యంల అమరుడైండు. భీము పదారేండ్ల తర్వాత, 1940ల, జోడేఘాట్ గుట్టల మీద ఒరిగిండు. ఒకాయన కొట్లాట బ్రిటిషోళ్ల మీద, ఇంకొకాయనది నిజాం సర్కార్ మీద. అడివి మీద పెట్టిన ఆంక్షలే రెండు తిరుగుబాట్లకు అగ్గి రాజేసినయ్.

నేనుండేది అల్వాల్ల. మా ముంగటికెళ్లి పోయే రాజీవ్ రహదారి పట్టుకుంటే కరీంనగర్, మంచిర్యాల దాటి ఆసిఫాబాద్ తొవ్వల పడ్తం. ఆడికెళ్లి కెరమెరి, తర్వాత హట్టి కాడ లోపలికి మళ్లితే జోడేఘాట్. వానకాలం అయిపోయే యాళ్లకు టేకు చెట్లతోని గుట్టలన్ని పచ్చగుంటయ్. కెరమెరి ఘాట్ మలుపుల కాడ పోరగాండ్లు బండ్లు ఆపి రీల్స్ తీస్కుంటరు. తీస్కోండ్రి, ఎవలొద్దన్నరు? గని ఈ గుట్టల్ల తుపాకులెందుకు పేలినయో తెల్వకపోతే వట్టి చెట్లే కనవడ్తయ్.

గోండులు, కొలాములు తరతరాల సంది పోడు కొట్టుకొని బతికిండ్రు. నిజాం సర్కార్ అడివిని రిజర్వు జేసే వరకు, దున్నుకునే భూమి ఒక్కపారే దొంగ భూమి అయిపాయె. కట్టె కొడ్తె జుర్మానా, పసుల మేపితే పన్ను, పట్టా లేదని గుడిసెలకు అగ్గి. మైదానంకెళ్లి వచ్చినోళ్లకు మాత్రం పట్టాలు దొరికినయ్. మా పన్నెండు ఊర్లు మాకే ఇయ్యాలెనని భీము అడిగిండు. జల్, జంగల్, జమీన్ అనే మాట ఈ పంచాయితీకెళ్లి వచ్చిందే.

భీమును సంపినంక సర్కార్‌కు సోయి వచ్చింది. గోండులు ఎందుకు తిరగవడ్డరో సూడుమని హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుణ్ని పంపింది. ఆయన జైనూర్ దగ్గర మార్లవాయిల ఉండి పనిజేసిండు. ఆయన రాసిన దాని మీద శానమందికి పట్టాలొచ్చినయ్, బడులు తెరిసిండ్రు. ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ ఆ ఊర్లనే ఉన్నది. జోడేఘాట్ మ్యూజియం సూసి మర్రేటోళ్లు మార్లవాయి గూడ పోతే కథ సగంల ఆగిపోదు.

కథ 1940ల అయిపోలే. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లిల సంత. గిరిజన రైతు కూలీ సంఘం మీటింగ్‌కు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపిండ్రు. సర్కార్ లెక్క 13 మంది. అరవైకి పైనే అని హక్కుల సంఘాలన్నయ్. అడిగింది ఏంది? మల్ల భూమే.

గిరిజనేతరులు భూములు గుంజుకోకుండ 1/70 చట్టం ఉన్నది. షెడ్యూల్డ్ ఏరియాల ఆదివాసి కానోళ్లు భూమి కొనుడు చెల్లదు. ఇది ముందుగాల జెప్పాలె, ఎందుకంటే మా అల్వాల్ దిక్కు నలుగురు కూసుంటే ప్లాట్ల ముచ్చటే. గుట్టలు సూసొచ్చినోడు, అన్నా, ఆడ ఎకరం ఎంతుంది, రిసార్ట్ పెడ్దమా అని అడుగుతడు. ఆ సవాలే గోండు గూడెంల అడిగితే మంచిగ వినవడదు.

2025ల ఏమైందో యాది జేస్కోండ్రి. కవ్వాల్, తాడోబా నడుమ పులుల తొవ్వ కోసం కుమ్రం భీము పేరుతోనే కన్జర్వేషన్ రిజర్వు పెడ్తమని జీవో 49 తీసిండ్రు. ఆదివాసులు బందు పిలిచిండ్రు, సర్కార్ దాన్ని పక్కకు పెట్టింది. పులి బతకాలె, నేను కాదంటలేను. గని అడివి రిజర్వు జేసుడు మీదనే పాణం ఇడిసినాయన పేరు ఇంకో రిజర్వుకు పెట్టుడేంది?

పొయ్యేటోళ్లకు ఒక మాట. భీము వర్ధంతి ఆశ్వయుజ పున్నమి నాడు చేస్తరు. దీపావళి ముంగట దండారి ఉంటది. నెమలీకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలు అప్పుడు దీక్షల ఉంటరు. సెల్ఫీ కోసం భుజం మీద చెయ్యెయ్యొద్దు. పుష్య అమాస్యకు కేస్లాపూర్ల నాగోబా జాతర, మెస్రం వంశపోళ్లది. జాతర దర్బార్ల ఆదివాసులు తమ అర్జీలు సర్కార్ ముంగట పెడ్తరు. ఫోటోలు తర్వాత తీస్కోవచ్చు, ముందు ఆ దర్బార్ల ఓ గంట కూసోండ్రి. పోడు పట్టాల ముచ్చట రాకుండ పోదు.