సీ బుక్కులో పేరెవరిది?

అలిపిరి తనిఖీ దగ్గర బారులు తీరిన కార్ల నంబర్లు చూస్తే మూడు రాష్ట్రాలు కనిపిస్తాయి. కేఏ నంబరు కారులో ఉన్నది పలమనేరు కుటుంబం కావచ్చు, టీఎన్ నంబరు కారు నడుపుతున్నది పుత్తూరు కుర్రాడు కావచ్చు. బెంగళూరు, చెన్నైలలో సెకండ్‌హ్యాండ్ కారు చూసుకుని, డబ్బు చేతిలో పెట్టి, పేరు బదిలీకి వాడే 29, 30 ఫారాల మీద అమ్మినాయనతో సంతకాలు పెట్టించుకుంటారు. తాళాలు తీసుకుని నేరుగా తిరుమల కొండకు పోతారు. పేరు మార్పు సంగతి “నిదానంగా చూసుకుందాంలేన్నా” అన్న మాటతో వెనక్కి పోతుంది. పక్క రాష్ట్రం బండికి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు తలచుకుని చాలామంది ఆ ఫారాలను బీరువాలో పెట్టేస్తారు.

ఘాట్ రోడ్డు మలుపులో ఆ కారు పిట్టగోడకు కొట్టుకుందనుకోండి. సర్వేయరు వచ్చి ఫొటోలు తీసుకుని ముందుగా అడిగేది ఆర్‌సీ. మన పెద్దలు సీ బుక్కు అనేది దాన్నే. అందులో బెంగళూరు ఆయన పేరు, పాలసీ మీదా ఆయన పేరే, క్లెయిము అడుగుతున్నది పలమనేరు మనిషి. “ఇన్సూరెన్సు ఉంది కదా, పేరుతో పనేంటి?” అని మండిపడతారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఆ కాగితం అడగడం న్యాయమే అంటాను.

కారు పాడైతే ఎవరి జేబుకు చిల్లు పడుతుందో, ఆ మనిషి నష్టం పూడ్చడానికే బీమా. ఇంగ్లండులో ఒకప్పుడు తమవి కాని ఓడల మీద కూడా జనం పాలసీలు కొనేవాళ్లు. ఓడ మునిగితే వాళ్లకు లాభం. ఆ పందేలను ఆపడానికే 1745 నాటి సముద్ర బీమా చట్టం వచ్చింది. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను కూడా పందెం ఒప్పందాలు చెల్లవంటుంది. కారుతో ఏ సంబంధమూ లేనివాడి చేతిలో పాలసీ ఉంటే, ఆ కారు తగలబడాలని కోరుకునే మనిషి ఒకడు తయారైనట్టే.

చిత్తూరు పల్లెల్లో డబ్బు తగాదా వస్తే కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చెయ్యమంటారు. ఎన్నో పంచాయితీలు అక్కడే తెగిపోతాయి. ఎక్కడో ముంబయిలో కూర్చుని క్లెయిము చూసే ఉద్యోగి ముందు మాత్రం కాగితమే సాక్ష్యం.

ఆర్‌సీలో పేరు ఎందుకు ముఖ్యమో దొంగతనం విషయంలో ఇంకా గట్టిగా తెలుస్తుంది. 2023లో ఒలెక్ట్రా సంస్థ టీటీడీకి 10 ఎలక్ట్రిక్ బస్సులు విరాళమిచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో, బ్రహ్మోత్సవాలు జరుగుతుండగానే, కొండ మీద భక్తులను ఉచితంగా తిప్పే ఎలక్ట్రిక్ బస్సు ఒకటి చోరీ అయింది. నాయుడుపేట దగ్గర దొరికింది. దానమిచ్చాక బండి పోతే నష్టం దాతది కాదు, పుచ్చుకున్నవారిది. అమ్మకంలోనూ అంతే. పోయిన బండి దొరక్కపోతే కంపెనీ డబ్బు చెల్లించి, బండి మీది హక్కును తను తీసుకుంటుంది. రేపెప్పుడో దొరికితే అది కంపెనీకే చెందాలి. తనది కాని బండి హక్కును ఎవరైనా ఎలా రాసివ్వగలరు? ఎఫ్‌ఐఆర్‌తో పాటు ఆర్‌సీ, రెండు తాళాలు, సంతకం చేసిన బదిలీ ఫారాలు అడిగేది అందుకే. ఫైనాన్సు బండి అయితే బాకీ తీరేదాకా బ్యాంకుకూ ఆ డబ్బులో వాటా ఉంటుంది.

బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టాన్ని పూడ్చే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు దేశంలో తప్పనిసరి అయింది 1946 జులైలో. ఆ థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటే కొత్త యజమానికి వెళుతుందని ఇప్పటి 1988 మోటారు వాహనాల చట్టం 157వ సెక్షను చెబుతోంది. ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటున్నారు. కొన్న కారు నష్టాన్ని సరిచేయించుకునే ఓన్ డ్యామేజీ రక్షణ అలా రాదు. 1996లో కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. ఆర్‌సీ కొన్న కంపెనీ పేరుకు మారినా పాలసీ మారలేదు కనుక, సొంత కారు నష్టం అడగడానికి వీల్లేదంది. కొన్న 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. పాత యజమాని నో క్లెయిము బోనసు కారుతో రాదు, ఆ తేడా కొన్నవాళ్లే కట్టాలి. యజమాని తానే నడుపుతూ చనిపోతే అందే 15 లక్షల రూపాయల ప్రమాద బీమా కూడా ఆర్‌సీలో పేరున్న మనిషికే.

అమ్మినవాళ్లకు ఇంకా పెద్ద ముప్పు. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. అది చాలా చేతులు మారింది, ఆర్‌సీలో మాత్రం ఆయన పేరే. 2009లో ఆ కారు కింద పడి ఒకరు చనిపోయారు. బండికి బీమా లేదు. పరిహారం కట్టాల్సింది ఆర్‌సీలో పేరున్న ఆయనేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

యజమానికే బీమా అన్న ఈ సూత్రాన్ని కంపెనీలు తమకు అనుకూలంగా మలుచుకోబోయిన సందర్భమూ ఉంది. ఒక లారీ యజమాని అమ్మకపు ఒప్పందం రాసుకున్నాడు, ఆర్‌సీ ఇంకా ఆయన పేరనే ఉంది. లారీ ప్రమాదానికి గురైతే, నువ్వు యజమానివే కాదంటూ బీమా కంపెనీ డబ్బు ఎగ్గొట్టబోయింది. 2020 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చి, ఆర్‌సీలో పేరున్నాయనే యజమాని అంది. మీ దగ్గర సరైన ఆర్‌సీ ఉండీ కంపెనీ మొరాయిస్తే ఈ తీర్పు పట్టుకుని అడగండి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది నాన్న పోయాక ఆయన కారునే నడుపుతున్న ఇళ్ల సంగతి. పాలసీ నాన్న పేరనే ఉంది కదా అని ప్రీమియం కడుతూ పోతారు. యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. మూడు నెలల్లోగా 31వ నంబరు ఫారంతో వారసుల పేరు మీదికి మార్పించుకోవాలి. మరణ ధ్రువపత్రంతో బీమా కంపెనీ దగ్గరికీ వెళ్లి, పాలసీలో పేరు మార్చమని అడగాలి.