పసుపు జెండా దిగినా.. పరుగు ఆగలేదు!

తొమ్మిది ప్రపంచ టైటిళ్లు, 26 సీజన్లు, 432 రేసులు. 2021 నవంబరు 14న స్పెయిన్‌లోని వాలెన్సియా ట్రాక్‌పై పదో స్థానంలో గీత దాటడంతో వాలెంటినో రోసి మోటారు సైకిల్ రేసింగ్ జీవితం ముగిసింది. ఆ రేసులో గెలిచింది ఆయన శిష్యుడు ఫ్రాన్సెస్కో బగ్నాయా. అయినా గ్యాలరీల్లోని పసుపు జెండాలు ఊగింది పదో స్థానంలో వచ్చిన గురువు కోసమే. ఆయన బైక్ దిగి ఏళ్లు గడిచినా అభిమానుల మధ్య ఒక చర్చ మాత్రం సద్దుమణగలేదు. రోసి తప్పుకోవడంలో ఆలస్యం చేశారా? తప్పుకొన్నాక ఆయన మిగిల్చింది ఏమిటి?

తండ్రి ఇచ్చిన అంకె

రోసి 1979 ఫిబ్రవరి 16న ఇటలీలోని ఉర్బినోలో జన్మించారు. పెరిగింది సమీపంలోని తవూలియా అనే చిన్న ఊళ్లో. తండ్రి గ్రాజియానో కూడా రేసరే. 1979లో ఆయన 250 సీసీ విభాగంలో మూడు గ్రాండ్‌ప్రి విజయాలు సాధించారు. అప్పుడు ఆయన బైక్‌పై ఉన్న 46 అంకెనే కొడుకు తీసుకున్నారు. ఛాంపియన్‌గా నిలిచిన వారికి మరుసటి ఏడాది ఒకటో నంబరు పెట్టుకునే హక్కు ఉంటుంది. అగ్రశ్రేణిలో ఏడుసార్లు ఆ అవకాశం వచ్చినా రోసి 46ను వదులుకోలేదు. ఆయన గెలిచిన ఆదివారాల్లో తవూలియా చర్చిలో గంటలు మోగేవి. 2022 మే నెలలో ముజెల్లో ట్రాక్‌పై జరిగిన వేడుకలో మోటోజీపీ నిర్వాహకులు ఆ అంకెను శాశ్వతంగా పక్కన పెట్టారు. ఇకపై ఆ విభాగంలో ఎవరికీ దానిని కేటాయించరు.

గెలుపు యంత్రానిదా.. మనిషిదా?

రోసి ఘనతను అర్థం చేసుకోవాలంటే ఈ పోటీల తీరు తెలియాలి. అప్పట్లో ఇంజిను సామర్థ్యాన్ని బట్టి 125, 250, 500 సీసీ అని మూడు మెట్లు ఉండేవి. రోసి 1997లో మొదటి మెట్టు, 1999లో రెండోది, 2001లో మూడోది జయించారు. 2002 నుంచి అగ్రశ్రేణి విభాగంలోకి 990 సీసీ ఫోర్‌స్ట్రోక్ యంత్రాలు రావడంతో దానికి మోటోజీపీ అనే పేరు స్థిరపడింది. 2002, 2003లలోనూ హోండా బైక్‌పై ఆయనే విజేత. దీంతో విమర్శ మొదలైంది. గెలిపిస్తున్నది మనిషి కాదు, హోండా యంత్రమే అన్నారు.

దీనికి రోసి మాటలతో కాక చేతలతో బదులిచ్చారు. 1992 తర్వాత అగ్రశ్రేణి టైటిల్ ఎరుగని యమహాకు 2004లో మారారు. హోండాలో తన బైక్‌ను తీర్చిదిద్దిన మెకానిక్ జెరెమీ బర్జెస్‌ను వెంట తీసుకెళ్లారు. దక్షిణాఫ్రికాలోని వెల్కమ్‌లో జరిగిన తొలి రేసులోనే హోండాపై ఉన్న మాక్స్ బియాజీని ఓడించారు. గీత దాటాక ట్రాక్ పక్కన ఆగి బైక్‌ను ముద్దాడిన ఆ దృశ్యాన్ని అభిమానులు నేటికీ తలచుకుంటారు. ఆ ఏడాది 16 రేసుల్లో తొమ్మిది గెలిచి ఆయన మళ్లీ ఛాంపియన్ అయ్యారు. 2005, 2008, 2009లలోనూ యమహాపైనే టైటిళ్లు సాధించారు.

అభిమానుల్లో రెండు వాదాలు

విజయాలంత స్పష్టంగా పరాజయాలూ అభిమానులకు గుర్తున్నాయి. 2006లో చివరి రేసులో కింద పడి నిక్కీ హేడెన్‌కు, 2015లో తుది పోరులో హోర్హే లోరెంజోకు టైటిల్ అప్పగించారు. రెండుసార్లూ తేడా అయిదు పాయింట్లే. 2011, 2012లలో డుకాటీ బైక్‌పై ఒక్క రేసూ గెలవలేకపోయారు. 2017 జూన్‌లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో సాధించిందే చివరి విజయం. ఆపై పట్టికలో 2018లో మూడు, 2019లో ఏడు, 2020లో పదిహేను, 2021లో పద్దెనిమిదో స్థానాలకు జారిపోయారు.

శిఖరం మీద ఉండగానే తప్పుకోవాల్సిందన్నది ఒక వర్గం వాదన. చివరి నాలుగేళ్లు ఆయన ప్రతిష్ఠకు మచ్చ తెచ్చాయన్నది వారి బాధ. గెలుపు కోసం కాక ఆట మీద ప్రేమతో బైక్ ఎక్కేవాడే అసలైన రేసరన్నది మరో వర్గం మాట. 41 ఏళ్ల వయసులో, 2020లో హెరెజ్ ట్రాక్‌పై మూడో స్థానం సాధించడాన్ని వారు ఉదాహరణగా చూపుతారు. 2021 ఆగస్టు 5న రిటైర్మెంట్ ప్రకటించినప్పుడు, ఏ క్రీడలోనైనా చివరికి నిర్ణయించేవి ఫలితాలేనని రోసి స్వయంగా అంగీకరించారు.

శిష్యులే సమాధానం

ఆ చివరి ఏళ్లలో రోసి తాను పోటీ పడుతూనే, తనతో పోటీ పడేవారిని తయారు చేశారు. 2014లో ఏర్పాటు చేసిన వీఆర్46 అకాడమీ ద్వారా ఇటలీ కుర్రాళ్లకు తవూలియాలోని తన మట్టి ట్రాక్‌పై శిక్షణ ఇప్పించారు. వారిలో ఫ్రాంకో మోర్బిదెల్లి 2017లో, బగ్నాయా 2018లో మోటో2 ఛాంపియన్లయ్యారు. 2022, 2023లలో మోటోజీపీ టైటిల్ కూడా బగ్నాయాదే. గురువుకు ఒక్క విజయమూ దక్కని డుకాటీపైనే శిష్యుడు ప్రపంచాన్ని గెలిచాడు.

ఈ వారసత్వాన్ని మన దేశం కూడా కళ్లారా చూసింది. 2023 సెప్టెంబరు 24న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ట్రాక్‌పై జరిగిన తొలి భారత మోటోజీపీలో రోసి సొంత జట్టు రైడర్ మార్కో బెజెక్కి విజేతగా నిలిచాడు. అతనూ అకాడమీ విద్యార్థే.

రికార్డులు శాశ్వతం కావు. 2025లో మార్క్ మార్క్వెజ్ కూడా తొమ్మిదో ప్రపంచ టైటిల్ సాధించి రోసి సరసన చేరారు. అగ్రశ్రేణిలో రోసి సాధించిన 89 విజయాలను మాత్రం 2025 సీజన్ ముగిసే నాటికి ఎవరూ అందుకోలేదు. అదీ ఏదో ఒకనాడు చెరిగిపోవచ్చు. ఆయన చేతుల మీదుగా ఎదిగిన రేసర్లు మాత్రం ట్రాక్‌పై ఉన్నారు. ఆలస్యం చేశారా అన్న ప్రశ్నకు ఇంతకు మించిన సమాధానం అక్కర్లేదు.

అంకెల్లో రోసి

మొత్తం విజయాలు: 115 (125 సీసీలో 12, 250 సీసీలో 14, అగ్రశ్రేణిలో 89)
తొలి మూడు స్థానాల్లో నిలిచింది: 235 సార్లు
తొలి విజయం: 1996, బ్ర్నో (చెక్ రిపబ్లిక్)
ప్రపంచ టైటిళ్లు: 1997, 1999, 2001, 2002, 2003, 2004, 2005, 2008, 2009