గొట్టపు పరీక్ష తరువాత కడుపు బిగిస్తే ఆముదం పోయవద్దు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో నా వద్దకు వచ్చే రోగులలో కడుపుమంట, పుల్లత్రేన్పులు గలవారు అధికం. మందులకు లొంగని వారిని నేనే ఎండోస్కోపీకి పంపుతుంటాను. గొంతుగుండా సన్నని గొట్టం దింపి అన్నవాహికను, ఆమాశయమును, చిన్నప్రేవు మొదటి భాగమైన ఆంత్రమూలమును చూచే పరీక్ష అది. లోపల స్పష్టంగా కనబడుటకు గాలి నింపుతారు గనుక కొన్ని గంటలు ఉబ్బరం, త్రేన్పులు సహజం. గొంతు తిమ్మిరి పూర్తిగా తగ్గిన పిమ్మట గోరువెచ్చని వాము నీరు కొద్దిగా త్రాగితే చాలును.

అయితే అన్ని ఉబ్బరములు ఒకటి కావు. కొన్నేళ్ల క్రిందట ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి బాలునికి ఈ పరీక్ష చేసి, ఆంత్రమూలం నుండి చిన్న ముక్క తీశారు. మరునాటి నుండి పైకడుపులో నొప్పి, ఆగని పచ్చని వాంతులు. "స్వామీ, ఇంత ఆముదం పోస్తే కడుపు జాడిస్తుంది గదా?" అని తల్లి అడిగినది. "వద్దమ్మా, చుక్క నీరు కూడ పోయకు. కర్నూలుకు బయలుదేరండి" అన్నాను.

అక్కడ స్కానింగులో సంగతి తెలిసింది. ముక్క తీసినచోట ప్రేవు గోడ పొరల నడుమ రక్తం చేరి, గడ్డయై దారిని మూసివేసినది. ఇది బహు అరుదు. పిల్లలలోను, రక్తం పలుచబడే మందులు వాడేవారిలోను కొంత ఎక్కువ. ఎవరి పొరపాటూ కానక్కరలేదు. నోటికి ఏమీ ఇవ్వక, ముక్కుగొట్టంతో, సెలైనుతో ఉంచగా రెండు వారములలో గడ్డ కరిగి, శస్త్రచికిత్స లేకుండానే బాలుడు కోలుకున్నాడు.

మరొక ఉపద్రవం ప్రేవుకు రంధ్రం పడుట. కేవలం చూచుటకు చేసే పరీక్షలలో అది కొన్ని వేలమందిలో ఒకరికి మాత్రమే సంభవిస్తుంది. అప్పుడు విరేచనౌషధం విషంతో సమానం. మూసుకున్న ప్రేవుకైనా, చిల్లుపడిన ప్రేవుకైనా విరేచనం కీడే చేస్తుంది. బద్ధోదరం, ఛిద్రోదరములలో శస్త్రవైద్యుని పిలువుమని చరకాచార్యుడే చెప్పినాడు. సుశ్రుతుడు ఉదరమును తెరచి, ప్రేవు రంధ్రమును నల్లచీమలచే కరిపించి మూయు విధానమును వర్ణించినాడు. శస్త్రసాధ్యమైనదానిని కషాయంతో సాధించబూనుట మన శాస్త్రమార్గం కాదు.

గృహిణులు ఈ గుర్తులు మరువరాదు: పెరుగుతున్న నొప్పి, చెక్కవలె గట్టిపడిన పొట్ట, ఆగని వాంతులు, అపానవాయువు స్తంభించుట, జ్వరం, నల్లని విరేచనం, మెడవాపు, ఆయాసం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆముదం, త్రిఫల, ఎనిమా ప్రయోగించక, తెల్లవారేదాకా ఆగక, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకొనిపోవాలి. పరీక్ష కాగితములు వెంట ఉంచుకోవాలి.

పరీక్షకు భయపడనక్కరలేదు, పరీక్ష తరువాత ఏమరుపాటు మాత్రం తగదు.